గొంతు కోసి గుండెలు అదరగొడతారట!

బాస్ గిటార్‌కి ఏ ప్రీయాంప్ పెడల్ (ఆంప్‌కో మిక్సర్‌కో చేరేలోపు బాస్ మోతని మలిచే డబ్బా) కొనాలని ఎవర్నైనా అడిగి చూడండి. ఒకాయన సాన్స్‌యాంప్ అంటాడు. ఇంకొకాయన డార్క్‌గ్లాస్ లేకపోతే బాస్ వాయించడమే దండగంటాడు. మూడో ఆయన టోన్ హ్యామర్ తప్ప తక్కినవన్నీ ఇనప డబ్బాలేనని తేల్చేస్తాడు. ముగ్గురూ గట్టిగానే చెప్తారు. ఆ పెడల్ వాడిన మహానుభావుల పేర్లు ముగ్గురికీ నోటికొచ్చు. అడిగినవాణ్ణి తిరిగి ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. నువ్వు ఎక్కడ వాయిస్తావయ్యా? నీ కేబుల్ ఆంప్‌లోకి వెళ్తుందా, నేరుగా మిక్సర్‌లోకి వెళ్తుందా? నీ పక్కన కీబోర్డు వాయించేవాడు ఎడమ చెయ్యి ఎంత వాడతాడు?

ఇవి అడక్కుండా పెడల్ పేరు చెప్పడాన్ని సలహా అనరు, ఊదరగొట్టడం అంటారు.

నా పక్షమేదో ముందే చెప్పేస్తాను. బాస్ ప్రీయాంప్‌ని ఎంచుకోవడమంటే దాని మిడ్స్‌ని ఎంచుకోవడమే. సుమారు 200 హెర్ట్జ్ నుంచి 1000 హెర్ట్జ్ దాకా ఉన్న ఆ నడిమి భాగంలోనే బాస్ గొంతు ఉంది. దానికి కింద ఉన్నది ఊపు, పైన ఉన్నది తీగ మీద వేలి గీర. ఆ గొంతుని నా చేతికివ్వని పెడల్, అది ఎంత పేరున్నదైనా, దాన్ని ఏ దేవుడు వాడినా, నాకు అక్కర్లేదు. మీకూ అక్కర్లేదనే అంటాను.

వాద్యాల కొట్టుకి వెళ్ళండి. కుర్రాడు పెడల్ తగిలిస్తాడు. బాస్ నాబ్ ముప్పాతిక దాకా, ట్రెబుల్ నాబ్ ముప్పాతిక దాకా తిప్పుతాడు. మిడ్ నాబ్ అంటూ ఉంటే దాన్ని అడుగుకి దించేస్తాడు. "వాయించండన్నా, దుమ్ము లేచిపోద్ది" అంటాడు. నిజంగానే లేస్తుంది. ఒక్క తీగ మీటగానే పొట్టలో దడ, పైన గాజులాంటి తళుకు. కొనేవాడి కళ్ళు మెరుస్తాయి. వీడియోల్లో చూపించేదీ ఇదే ముస్తాబు. ఒక మనిషి, ఒక బాస్, ఒక పెడల్, చెవులకి హెడ్‌ఫోన్స్. ఆ గదిలో డ్రమ్స్ లేవు. గిటార్ లేదు. కీబోర్డు లేదు. పాడేవాళ్ళు లేరు. చారుపొడి చెంచాడు నోట్లో వేసుకుని చారు ఎలా ఉంటుందో చెప్పినట్టుంది ఈ పరీక్ష.

ఇందులో చెవి చేసే మోసం కూడా ఉంది. 1933లో బెల్ లాబ్స్‌కి చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు మనిషి వినికిడి మీద ఒక పరిశోధన ప్రచురించారు. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు మన చెవికి అడుగు స్వరాలు సరిగ్గా అందవు, నడిమివి బాగా అందుతాయి. శబ్దం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. అంటే రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, చిన్న సౌండులో పెట్టుకుని మీరు లోస్, అంటే అడుగు స్వరాలు, పెంచుతున్నారంటే అది మీ అభిరుచి కాదు, మీ చెవికి ఆ కాసేపు ఉన్న లోటు. ఆ లోటుకి కట్టిన అతుకునే మర్నాడు స్టేజీ మీదకి పట్టుకెళ్తారు. అక్కడి సౌండులో ఆ లోటు లేదు, అతుకు మాత్రం ఉంది. హాలంతా బురద.

మన ఫంక్షన్ హాళ్ళ సంగతి వేరే చెప్పాలా? బాస్‌లో లావు తీగ, ఈ-స్ట్రింగ్, ఊరికే మీటితే 41 హెర్ట్జ్. దాని అల పొడవు 8 మీటర్లు దాటుతుంది. నున్నటి నేల, గాజు తలుపులు, రేకు కప్పు. ఆ అల గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి, ఎదురొచ్చే దానితో కలిసి ఒక చోట బండ మోత అవుతుంది, నాలుగడుగులు పక్కకి జరిగితే మాయమవుతుంది. మైక్‌సెట్టు ఆయన మొదట చేసే పని బాస్ చానల్లో లో నాబ్ దించేయడం. ఆయన్ని తిట్టుకోకండి, ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను. కానీ లెక్క చూడండి. మిడ్స్‌ని పెడల్లో మీరే కోసేసి పంపారు. లోస్‌ని ఆయన తీసేశాడు. ఇక జనానికి చేరేదేమిటి? తీగ గీర. వేలకొద్దీ రూపాయలు పోసి, సుంకం కట్టి, సముద్రాలు దాటించి తెప్పించుకున్న పెడల్‌తో చివరికి టకటకలు వినిపించారు.

మిగిలిన వాద్యాల లెక్క కూడా ఇంతే. డ్రమ్స్‌లో కిక్ 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్య కూర్చుని ఉంటుంది. దానితో మీరు కుస్తీ పట్టినా గెలవలేరు, ఎందుకంటే దాని దెబ్బ పదునుగా ఉంటుంది, మీ స్వరం సాగుతుంది. కీబోర్డు ప్యాడ్ 100 నుంచి 400 దాకా దుప్పటి పరుస్తుంది. డిస్టార్షన్ గిటార్ దాని పైన. బాస్‌కి మిగిలిన సందు ఏదో చూసుకుని అక్కడ నిలబడటమే టోన్. ఆ సందు ఒక బ్యాండ్‌లో 300 దగ్గర ఉంటుంది, ఇంకో బ్యాండ్‌లో 800 దగ్గర ఉంటుంది. కాబట్టి జరపగలిగే మిడ్ కావాలి. ఫ్యాక్టరీలో ఎవరో ఇంజనీరు బిగించి పంపిన వంపు నా బ్యాండ్‌లో ఎక్కడ సందుందో ఎలా చెప్తుంది?

లోస్ తగ్గితే అది బాస్ ఎలా అవుతుందని కొందరి గొడవ. వాళ్ళకి ఒక్క ఉదాహరణ చాలు. 1989లో ‘గీతాంజలి’ సినిమా పాటలు మన ఇళ్ళలో మోగింది అరచేతంత స్పీకరున్న టేప్ రికార్డర్లలో. ఆ స్పీకరు 41 హెర్ట్జ్‌ని కలలో కూడా పలకలేదు. అయినా ఇళయరాజా బాస్ లైన్లు మనకి వినిపించాయి, వాటిని నోటితో పాడుకున్నాం కూడా. ఎలా? 41 హెర్ట్జ్ స్వరం ఒంటరిగా రాదు, 82, 123, 164 అంటూ తన పై స్వరాలని వెంటేసుకుని వస్తుంది. అవి క్రమంగా వినిపిస్తే చాలు, అడుగున లేని మూల స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. స్పీకర్లో లేని బాస్ మన తలలో పుడుతుంది. ఈ రోజు మీ పాట వినేవాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఫోను. ఆ ఫోను స్పీకరు ఆ టేప్ రికార్డర్ కంటే చిన్నది. అక్కడ మీ అడుగు దడ ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి.

ఇప్పుడు పెడల్స్ దగ్గరికి వద్దాం.

సాన్స్‌యాంప్‌కి నేను దణ్ణం పెడతాను. న్యూయార్క్‌లో టెక్ 21 అనే కంపెనీ, ఆండ్రూ బార్టా అనే ఆయన తల. 1989లో మొదటి సాన్స్‌యాంప్ వచ్చింది. ఆంప్‌కి మైకు పెట్టకుండానే, మైకు పెట్టిన ఆంప్ మోతని నేరుగా మిక్సర్‌కి పంపించే ఆలోచన అది. దాని విలువ తెలియాలంటే ఆంపెగ్ ఎస్‌వీటీ గురించి తెలియాలి. 1969లో వచ్చిన 300 వాట్ల ట్యూబ్ ఆంప్, కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది పెట్టిన నిలువెత్తు క్యాబినెట్. దాన్ని మెట్లెక్కించాలంటే నడుములు విరగాలి. ఆ మోతని పోలిన మోతని జేబులో పట్టే డబ్బాలో ఇచ్చారు 1990ల ఆరంభంలో వచ్చిన బాస్ డ్రైవర్ డీఐతో. రష్ బ్యాండ్ గెడ్డీ లీ లాంటివాడు ఈ కంపెనీ పరికరాలు వాడాడు, ఆయన పేరు మీదే ఒకటి తయారైంది. అంతవరకూ శభాష్.

కానీ ఆ పాత డబ్బా మీద నాబ్‌లు లెక్కపెట్టండి. డ్రైవ్ ఉంది, ప్రెజెన్స్ ఉంది, బ్లెండ్, బాస్, ట్రెబుల్, లెవెల్ ఉన్నాయి. మిడ్ ఏది? లేదు! అన్ని నాబ్‌లూ నడిమధ్యలో పెట్టి "ఫ్లాట్‌గా పెట్టానన్నా" అంటారు కుర్రాళ్ళు. ఫ్లాట్ కాదు నాయనా, ఆంప్ మోతని కలిపే ఆ బ్లెండ్ పెంచేకొద్దీ నడుమ గుంట పడుతూనే ఉంటుంది. ఫెండర్ ప్రెసిషన్ బాస్ లాంటిదైతే దాని పికప్‌లోనే బలమైన మిడ్స్ ఉంటాయి కాబట్టి ఆ గుంటని కాస్త తట్టుకుంటుంది. జాజ్ బాస్ తెచ్చి, రెండు పికప్‌లూ పూర్తిగా తెరిచి (అప్పుడే దాని మిడ్స్ సగం పోతాయి), దీన్లోకి గుచ్చి, బ్లెండ్ చివరిదాకా తిప్పేవాణ్ణి ఏమనాలి? రెండుసార్లు గొంతు కోశాడు. ఆ పైన "మిక్స్‌లో బాస్ వినపడట్లేదు, సౌండాయనకి చెవుల్లేవు" అని తిట్లు.

రెండు దశాబ్దాలు దాటాక టెక్ 21 వాళ్ళే రెండో వెర్షన్ తెచ్చి, అందులో మిడ్ నాబ్ పెట్టారు. 500, 1000 హెర్ట్జ్‌ల మధ్య మార్చుకునే స్విచ్ పెట్టారు. బాస్ నాబ్‌కి కూడా 40, 80ల స్విచ్ ఇచ్చారు. చేసినవాళ్ళకే లోటు అర్థమైంది. మన భక్తులకి కాలేదు. పాతదే అసలుదంటారు, సెకండ్‌హ్యాండ్‌లో దానికోసం వెతుకుతారు. పాతదాన్ని పోలిన బెహ్రింగర్ బీడీఐ21 చవగ్గా దొరుకుతుంది, చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో కొత్తగా వాయించే పిల్లల చేతికి ముందు అదే వస్తుంది. దాని మీదా మిడ్ నాబ్ లేదు. చవకైనందుకు నేను తప్పుపట్టను. ఆ డబ్బుకి అది మంచి పనే చేస్తుంది, బ్లెండ్ సగానికి దించి వాడితే. ఆ ఒక్క మాట పిల్లలకి చెప్పే పెద్దలు లేకపోవడమే నా కోపం.

డార్క్‌గ్లాస్‌ది వేరే కథ. 2009లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో మొదలైన కంపెనీ. వాళ్ళ బీ7కే అల్ట్రా మీద నేను అడిగే మిడ్స్ నిండుగా ఉన్నాయి. లో మిడ్‌కి 250, 500, 1000 అని మూడు మెట్లు, హై మిడ్‌కి 750, 1500, 3000 అని మూడు మెట్లు. ఇంతకంటే ఏం కావాలి? కొన్నవాళ్ళు వాటిని ముట్టుకుంటే కదా! డ్రైవ్ పెంచడం, అటాక్ స్విచ్ పైకి ఎత్తడం, వీడియోలో విన్న ఆ ఇనప చప్పుడు వచ్చిందా లేదా చూసుకోవడం. మెటల్ బ్యాండ్‌లో, గిటార్లు కిందకి శ్రుతి చేసి గోడ కట్టినప్పుడు, ఆ గోడని చీల్చుకురావడానికి ఆ చప్పుడు పుట్టింది. అక్కడ అది అద్భుతం. దాన్ని తెచ్చి ఆరాధనలో మెల్లగా సాగే కీర్తన కింద, లేదా పెళ్ళి రిసెప్షన్‌లో బాలు గారి పాట కింద పెడితే బాస్ గిటార్ బదులు గ్రిల్ గేటు మోగుతుంది.

పైగా డిస్టార్షన్ అనేది స్పీకర్‌ని నమ్ముకుని పుట్టిన వస్తువు. పది అంగుళాల బాస్ స్పీకరు 4000, 5000 హెర్ట్జ్ దాటాక దానంతటదే చేతులెత్తేస్తుంది. ఆ వడపోత తర్వాత మిగిలేదే మనం రికార్డుల్లో విని మురిసిపోయే గరుకుదనం. ఆ వడపోతని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ లేని పెడల్‌ని నేరుగా మైక్‌సెట్టుకి ఇస్తే, దాని స్పీకర్ పెట్టెలో పైనున్న హార్న్ ఆ రొద మొత్తాన్ని ముందు వరసలో కూర్చున్న ముసలాయన చెవిలో పోస్తుంది. అందుకే ఆంప్ లేని స్టేజీలకి డ్రైవ్ పెడల్ కొంటున్నవాళ్ళు నాబ్‌ల కంటే ముందు చూడాల్సింది క్యాబ్ సిమ్ ఉందా లేదా అని.

ట్యూబ్ పెట్టామని చెప్పి రెట్టింపు ధర అడిగేవాటి గురించి రెండు ముక్కలు. వందల వోల్ట్‌ల మీద నడవాల్సిన ట్యూబ్‌ని 9, 12 వోల్ట్‌ల అడాప్టర్‌తో ఆకలికి మాడ్చి నడిపే పెడల్స్ ఉన్నాయి. గాజు వెనక నారింజ రంగు ఎల్‌ఈడీ పెట్టి, అది ట్యూబ్ వెలుగని భ్రమపెట్టేవీ ఉన్నాయి. లోపల నిజంగా ఎక్కువ వోల్టేజి పుట్టించేవి వేరు, వాటి ధర వేరు, వాటిని కొనగలిగినవాళ్ళకి నా వ్యాసం అవసరం లేదు.

ఇదంతా విని ఒక వర్గం చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వుతుంటుంది. "టోన్ వేళ్ళలో ఉంటుందండీ, పెడల్స్‌లో కాదు" అంటారు. "ఆడలేక మద్దెల ఓడు" అని సామెత కూడా జోడిస్తారు. వీళ్ళ మీద నాకు పెడల్ అమ్మేవాళ్ళ మీదకంటే ఎక్కువ మంట. ఎందుకంటే మద్దెల నిజంగానే ఓడైతే ఎవరు ఆడతారు? వీళ్ళు చూపించే ఉదాహరణ ఎప్పుడూ జేమ్స్ జేమర్సన్. మోటౌన్ పాటల వెనక ఉన్న ఆ మహానుభావుడు చూపుడువేలు ఒక్కదానితో లోకాన్ని ఊపేశాడు, నిజమే. కానీ కథ సగమే చెప్తారు. ఆయన చేతిలో 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. దాని మీద లాబెల్లా కంపెనీ లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, మార్చకుండా ఏళ్ళ తరబడి అవే. బ్రిడ్జి మూత కింద తీగల్ని అదిమే ఫోమ్ ముక్క. డెట్రాయిట్ స్టూడియోలో ఆ బాస్ ఆంప్ ముందు మైకుకి కాదు, అక్కడి ఇంజనీర్లు కట్టుకున్న డైరెక్ట్ ఇన్‌పుట్ (డీఐ) ద్వారా నేరుగా కన్సోల్‌కి వెళ్ళింది. ఆ ఫోమ్, ఆ ముసలి తీగలు అడుగు సాగుడుని, పై తళుకుని కోసేసి ఏం మిగిల్చాయి? మిడ్స్! వేళ్ళ మహిమని వినిపించింది ఆ నడిమి భాగమే. జేమర్సన్ వేళ్ళకి అంత చక్కటి దారి వేసి పెట్టిన పరికరాల్ని పక్కకి నెట్టేసి, గుంతల దారిలో నడుస్తున్న మన కుర్రాడికి "వేళ్ళు సరిచేసుకో" అని ఉపదేశం చెప్పడం పెద్దరికం కాదు, నిర్దయ.

దారి గుంతలేమిటో చెప్తాను. మన దగ్గర చాలా చోట్ల బాస్ కేబుల్‌ని మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో నేరుగా గుచ్చేస్తారు. ప్యాసివ్ పికప్ ఉన్న బాస్ తన ముందు కనీసం 5 లక్షల ఓమ్‌లు, వీలైతే 10 లక్షల ఓమ్‌ల ఇంపీడెన్స్ కోరుకుంటుంది. లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది 10 వేలో, దానికి అటూ ఇటో. పికప్ మీద అంత బరువు పడేసరికి పై స్వరాలు చచ్చిపోతాయి, శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు ముద్దగా వస్తుంది. ఆ ముద్దతనాన్ని చూసే కుర్రాడు పెడల్ కోసం బయల్దేరతాడు. ఏ పెడల్ తగిలించినా ఒక్కసారిగా ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే ఆ పెడల్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ సరిగ్గా ఉంది. వాడేమో కంపెనీ పేరుకి మొక్కుతాడు. ఒక మామూలు యాక్టివ్ డీఐ బాక్స్, ఒక కొత్త తీగల సెట్టు కలిపి పెడల్ ధరలో కొంత భాగానికే ఆ పని చేసిపెట్టేవి. ముందు అవి కొనండి. ఆ తర్వాత కూడా ఏదో తక్కువైందని మీ చెవి చెప్తే అప్పుడు ప్రీయాంప్ సంగతి చూద్దాం.

అప్పుడైనా కొట్టుకి ఒంటరిగా వెళ్ళకండి. మీ పాటల్లో ఒకదాని ట్రాక్, డ్రమ్స్, కీబోర్డు, గొంతు ఉన్నది, బాస్ మాత్రం తీసేసినది, ఫోన్‌లో పట్టుకెళ్ళండి. కొట్టులో ఉన్న ఒక స్పీకర్‌కి దాన్నీ మీ బాస్‌నీ కలిపి ఇమ్మనండి. సౌండు బాగా పెంచండి. ఇప్పుడు పెడల్ మీద లోస్ నాబ్ సగానికి కిందకి దించండి, ఎందుకంటే మైక్‌సెట్టు ఆయన ఎలాగూ దించుతాడు. అలా దించాక కూడా మీరు వాయిస్తున్న ప్రతి స్వరమూ తెలుస్తుంటే ఆ పెడల్ మీది. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. డబ్బు మీది.

ఇంత చెప్పాక పేరు దాచుకోవడం పిరికితనం. ఒక్కటే కొనాలి, రకరకాల బ్యాండ్‌లతో వాయించాలి అనేవాళ్ళకి నా ఓటు అగ్విలార్ టోన్ హ్యామర్‌కి. అదీ న్యూయార్క్ కంపెనీదే. దాని మిడ్ నాబ్ పక్కనే ఇంకో నాబ్ ఉంటుంది, 180 నుంచి 1000 హెర్ట్జ్ దాకా ఎక్కడ కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు. నేను పైన గొంతు చించుకున్నది ఈ ఒక్క నాబ్ కోసమే. దాని బాస్ నాబ్ 40 హెర్ట్జ్ దగ్గర కూర్చుని ఉంటుంది, దాని జోలికి వెళ్ళకండి. పెంచితే హాలు మూలల్లో మోత పుట్టించడానికి తప్ప పనికిరాదు. ఆంప్ గరుకుదనమే ప్రాణమనుకునేవాళ్ళు సాన్స్‌యాంప్ రెండో వెర్షన్ తీసుకోండి, పాతది ఎవరైనా ఊరికే ఇస్తానన్నా దాని బ్లెండ్ సగం దాటించనని మాటిచ్చి తీసుకోండి. డార్క్‌గ్లాస్ కొన్నవాళ్ళు ఒక వారం పాటు డిస్టార్షన్ ఆపేసి ఆ రెండు మిడ్ నాబ్‌లతో మాత్రమే వాయించండి, కొన్నదాంట్లో సగం ఇన్నాళ్ళూ వాడలేదని తెలుస్తుంది.

ఐదు తీగల బాస్ ఉన్నవాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా. మీ లో-బీ 31 హెర్ట్జ్. మన హాళ్ళలో పెట్టే స్పీకర్లలో చాలావాటికి దాన్ని శుభ్రంగా పలికే శక్తి లేదు, పలకబోయి కోన్ ఊగిపోవడమే. మీరు మిడ్స్‌తో పాటు, అట్టడుగు స్వరాల్ని కోసేసే హై-పాస్ ఫిల్టర్ కూడా ఉందో లేదో అడగండి. కొట్టు కుర్రాడు అదేమిటన్నా అని మొహం పెడితే, ఆ రోజుకి తీగల ప్యాకెట్ ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చేయండి.